కాంక్రీటుకూ కావాలి పట్టువిడుపు

మట్టిగోడ పెట్టేముందు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కేవారు. ఆరేటప్పుడు గోడ నెర్రెలు విచ్చకుండా ఆ గడ్డిపోచలే మట్టిని పట్టి ఉంచేవి. సిమెంటులో పోగులు కలిపే విద్యకు మూలం ఇదే. దాన్ని కొత్త మలుపు తిప్పినవారు అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విక్టర్ లీ. 1990ల తొలినాళ్లలో ఆయన రూపొందించిన పదార్థానికి ‘వంగే కాంక్రీటు’ అని పేరొచ్చింది.

మామూలు కాంక్రీటు ఎంత బరువైనా మోస్తుంది కానీ, లాగితే ఓర్చుకోలేదు. మీటరు పొడవున్న దిమ్మె మిల్లీమీటరులో పదోవంతు సాగేసరికే పగులుతుంది. వంగే కాంక్రీటు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఇందులో కంకర ఉండదు. సిమెంటు, సన్న ఇసుక, బూడిద, నీళ్లతో పాటు ఘనపరిమాణంలో 2 శాతం పాలీవినైల్ ఆల్కహాల్ పోగులు ఉంటాయి. పోగు మందం 39 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం.

ఈ పోగులకు సిమెంటంటే మహా పట్టు. పగులు విచ్చుకునేటప్పుడు ఆ పట్టు సడలక, పోగు పుటుక్కున తెగిపోతుంది. అందుకే పోగులకు పలుచగా నూనెపూత వేస్తారు. అప్పుడు పోగు పగులుకు అడ్డంగా నిలిచి, కొద్దికొద్దిగా జారుతూ బలాన్ని పక్క భాగానికి అందిస్తుంది. ఒక్క పెద్ద బీటకు బదులు 0.1 మిల్లీమీటరు లోపు సన్నగీతలు అనేకం పుడతాయి. నీరు తగిలితే వాటిలో కాల్షియం కార్బొనేట్ పేరుకుని చాలావరకు పూడిపోతాయి.

2005లో మిచిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి వద్ద ఒక వంతెనపై, లీకయ్యే వ్యాకోచ జాయింటు తీసేసి వంగే కాంక్రీటుతో పలక వేశారు. జపాన్‌లో హొక్కైడోలోని మిహారా వంతెనపైనా దీన్ని పరిచారు.

అయితే ఇందులో కంకర లేనందువల్ల సిమెంటు ఎక్కువ పడుతుంది. సిమెంటు కోసం సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల దాకా కాల్చాలి. ఇంధనం పొగకు తోడు రాయిలోంచీ కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందుకే సిమెంటులో సగానికి పైగా తగ్గించి థర్మల్ కేంద్రాల బూడిద కలుపుతున్నారు. మన రామగుండంలోనూ వచ్చే ఫ్లైయాష్ ఇదే. ఆనందం కలిగించే సంగతేమిటంటే, బూడిద పెరిగితే పోగుల పట్టు మరికాస్త సడలి గీతలు ఇంకా సన్నబడతాయి. భూమికి మేలు చేసేదే గోడకూ మేలు చేస్తోంది.

ఇక మిగిలిన చిక్కు పోగులది. అవి ఖరీదైనవి, పెట్రోలియం నుంచి వచ్చేవి. జనపనార, కొబ్బరిపీచు వాడదామంటే సిమెంటులోని క్షారం వాటిని క్రమంగా తినేస్తుంది. ఆ క్షారాన్ని తగ్గించేదీ బూడిదే. గడ్డిపోచ మట్టికి చేసిన సాయం నారపోగు సిమెంటుకూ చేయాలంటే, దారి ఆ బూడిదలోంచే ఉంది.