ఫీజు గడువుకు ముందే అందవలసిన సాయం

నందిగామ, జగ్గయ్యపేట పట్టణాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగానే మనకు పరిచితం. ఇక్కడి ముస్లిం కుటుంబాలలో అనేకం మిర్చి, పత్తి కూలితోనో, సిమెంటు కర్మాగారాల పనితోనో, ఆటో, లారీ, కుట్టుమిషన్లతోనో బ్రతుకు వెళ్ళదీస్తున్నాయి. ఆ ఇళ్ళ బిడ్డలు నేడు డిగ్రీకి, ఇంజనీరింగుకు వెళుతున్నారంటే అందులో రెండు ఏర్పాట్ల పాత్ర పెద్దది. ఒకటి, బి.సి. 'ఇ' వర్గానికి 4 శాతం సీట్లు కేటాయించిన 2007 నాటి చట్టం. రెండవది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాలనలో ఊపందుకున్న ఫీజు రీయింబర్స్‌మెంటు.

సీటు దొరికింది సరే, చదువు మనసుకెక్కుతున్నదా అన్నదే మా ప్రశ్న.

2020లో ఈ పథకం విద్యా దీవెనగా మారి, ఫీజు మూడు నెలలకొకసారి తల్లి ఖాతాలో పడేది. వసతి దీవెన క్రింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించారు. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్ళీ కళాశాలలకే చెల్లించే పద్ధతిని చేపట్టింది. సొమ్ము ఎవరి ఖాతాలో పడినా, ఆలస్యమైనప్పుడు భారం మోసేది విద్యార్థే. బకాయిలు పేరుకున్నప్పుడల్లా హాల్ టికెట్లు, ధ్రువపత్రాలు ఆగిపోయిన ఉదంతాలు మనం వింటూనే ఉన్నాము. పైగా 75 శాతం హాజరు ఉంటేనే సాయానికి అర్హత. ఫీజు కోసం పనికి వెళ్ళిన కుర్రవాడు ఆ పని వల్లనే అర్హత పోగొట్టుకునే పరిస్థితి ఇది!

డబ్బు బెంగ బుద్ధిని ఎలా క్రుంగదీస్తుందో తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన చూపింది. 2013లో వెలువడిన దాని ప్రకారం, అదే రైతు కోతకు ముందు, చేతిలో పైసలేని రోజుల్లో తర్క పరీక్షలలో వెనుకబడి, పంట డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. తెలివి మారలేదు, బెంగ తగ్గింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పేద విద్యార్థులకు ఏటా 3,500 డాలర్ల వరకు ఇచ్చి పరిశీలించగా, రాత్రిపూట కొలువులు చేసేవారు తగ్గారు. నాలుగేళ్ళకే డిగ్రీ ముగించినవారు 16 శాతం నుండి 21 శాతానికి పెరిగారు. మార్పు చిన్నదే అనిపించవచ్చు. ఆ పెరిగిన ఐదుగురిలో మన బిడ్డ ఒకడైతే అలా అనిపించదు.

ప్రభుత్వ సాయం ఆలస్యమయ్యే చోట మన జకాత్ ఏం చేయగలదు? మనలో అధికులు రమజాన్‌లోనే జకాత్ తీస్తారు. ఆ మాసం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పరీక్ష ఫీజు గడువు మాత్రం మన నెలవంక కోసం ఆగదు. కనుక దాతలలో కొందరైనా ఉలమాలను సంప్రదించి, తమ జకాత్‌లో ఒక భాగాన్ని కళాశాల గడువులకు తగినట్లు ముందుగానే ఇవ్వవచ్చు. పెద్ద మొత్తాలు అక్కరలేదు. జగ్గయ్యపేట నుండి విజయవాడ సుమారు ఎనభై కిలోమీటర్లు; బస్సు పాసుకు డబ్బు లేక ఇంటర్‌తోనే ఆగిపోయే ఆడపిల్లకు ఆ పాసే విశ్వవిద్యాలయం.

ఇచ్చే తీరు మరింత ముఖ్యం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని స్వాధీనం కావాలి. దీనినే తమ్లీక్ అంటారు. కాబట్టి సొమ్ము విద్యార్థి చేతికే ఇచ్చి, ఫీజు అతనినే కట్టుకోనివ్వడం మేలు. వేదిక ఎక్కించి, ఫొటో తీసి, ఫ్లెక్సీ మీద వేసిన సాయం పొందినవాడు మరుసటి రోజు తరగతిలో తలెత్తి కూర్చోగలడా? అల్ బఖరా సూరా 273వ ఆయత్ ప్రస్తావించిన నిరుపేదలు ఒకరి ముందు చేయి చాపి వేధించేవారు కారు. వారి బిడియం చూసి తెలియనివాడు కలవారనుకుంటాడు. మస్జిదె నబవీ అరుగు మీద విద్యకే అంకితమైన సుఫ్ఫావాసుల గురించి ఇది అవతరించిందని పలువురు వ్యాఖ్యాతలు చెప్పారు. అటువంటి పిల్లలు దరఖాస్తు పట్టుకొని మస్జిదు కమిటీ వద్దకు రారు. సెమిస్టరు ఫీజు గడువుకు నెల ముందే మొహల్లా పెద్దలలో ఒకరు, ఆడపిల్లల విషయంలో ఇంటి పెద్దమ్మలలో ఒకరు, వారి గడపకు వెళ్ళి మెల్లగా విచారించాలి.