వెళ్లిపోయే కస్టమర్ చెప్పి వెళ్లడు

సికింద్రాబాద్ చిలకలగూడ చౌరస్తా దగ్గర ఏ పాత కిరాణం కొట్టు ముందైనా కాసేపు నిలబడండి. రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చిన ఆవిడ కిలో కందిపప్పు అడుగుతుంది. "పోయినసారిది సరిగ్గా ఉడకలేదన్నారు కదమ్మా, ఇది వేరే బస్తా, చూడండి" అంటూ కొట్టతను గుప్పెడు పప్పు తీసి ఆమె అరచేతిలో పోస్తాడు. వెనకున్న పెద్దాయనకు అడక్కుండానే చక్కెర లేని బిస్కెట్లు అందిస్తాడు. ఇంకొకరి ఉద్దెర నెలాఖరున జీతం పడ్డాకే తీరుతుందని తెలుసు కనుక ఇరవయ్యో తారీఖున ఆ మాటెత్తడు. ఎవరు ఏం కొంటారు, ఎప్పుడొస్తారు, దేనికి నొచ్చుకున్నారు, వాళ్లకు తానేం మాటిచ్చాడు అన్న నాలుగు సంగతులూ అతనికి గుర్తే. సూపర్‌మార్కెట్లూ, నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లూ వచ్చాక కూడా ఆ కొట్టు నిలబడిందంటే, ఆ జ్ఞాపకం దాని పెట్టుబడిలో పెద్ద భాగం.

అదే మనిషి నాలుగు కొట్లు తెరిచి ఇరవై మందిని పనిలో పెట్టుకున్నాడనుకుందాం. పప్పు ఉడకలేదన్న మాట విన్నది ఒక కుర్రాడు, మళ్లీ పప్పు కట్టిచ్చేది ఇంకో కుర్రాడు. మొదటివాడు పని మానేస్తే ఆ సంగతీ వాడితోనే పోతుంది. వ్యాపారం పెరిగింది, జ్ఞాపకం చెదిరింది. అలా చెదిరిన జ్ఞాపకాన్ని ఒకచోట చేర్చి, కస్టమర్ ఎదుట ఉన్న ఉద్యోగి చేతికి సమయానికి అందించే పద్ధతినే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. వాడుకలో సీఆర్ఎం. దీని కోసం సాఫ్ట్‌వేర్ చేసిన తొలితరం సంస్థల్లో అమెరికాలో 1993లో పుట్టిన సీబెల్ పేరున్నది. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ దాన్ని ఇంటర్నెట్ మీద చందాకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సంస్థకు ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. మన పక్కనే చెన్నైలో ఎదిగిన జోహో 2005 నుంచి సీఆర్ఎం అమ్ముతోంది. అయితే సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన కస్టమర్ నిలబడడు. దాని వెనకున్న లెక్కా, మనస్తత్వ శాస్త్రమూ తెలిసినవారికే అది పనికొస్తుంది.

అందరికీ ఒకే రికార్డు

సీఆర్ఎంకు పునాది ఏమిటో చూడాలంటే చిలకలగూడ వాళ్లు దూరం పోనక్కర్లేదు. పక్కనే సికింద్రాబాద్ స్టేషన్ ఉంది. 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయమైన రైల్ నిలయం ఉంది. కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్ అంటే రైలుకొకటి, తేదీకొకటిగా రిజిస్టర్లు. ఏ రిజిస్టర్ ఏ గుమాస్తా దగ్గరుంటే ఆ కిటికీ ముందే వరుస కట్టాలి. పక్క కిటికీలో ఖాళీగా కూర్చున్న ఉద్యోగికి మన రైలు సంగతి తెలియదు.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ఆ తర్వాత రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం క్రిస్ తయారుచేసిన 'కాన్సర్ట్' అనే కొత్త వ్యవస్థ 1994లో మొట్టమొదట అమలైంది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. సికింద్రాబాద్ కిటికీ ముందు నిలబడి కోల్‌కతా నుంచి ఢిల్లీకి బెర్తు తీసుకునే వీలు అలా కలిగింది. 2002లో ఇంటర్నెట్ టికెట్ వచ్చింది. సీట్లు పెరగకపోయినా, ఉన్న సీటు సంగతి ప్రతి కిటికీకీ ఒకే క్షణంలో ఒకేలా కనిపించడమే ప్రయాణికుడికి పెద్ద సేవ అయింది.

ఆ పునాది మీదే ఫిర్యాదుల వ్యవస్థ లేచింది. 2018లో రైల్వేశాఖ 'రైల్ మదద్' తెచ్చింది. 2021లో వేర్వేరు సహాయ నంబర్లను 139లో కలిపేసింది. బోగీలో నీళ్లు రావడం లేదని ఒక ప్రయాణికురాలు ఫోన్లో పది అంకెల పీఎన్‌ఆర్ కొట్టిందనుకోండి. ఏ రైలు, ఏ బోగీ, ఏ బెర్తు అన్నది ఆమె వివరించి చెప్పే పనే లేదు. ఆ నంబరే చెబుతుంది. ఫిర్యాదు సంబంధిత డివిజన్‌కు చేరుతుంది. అక్కడి నుంచి బోగీలోని సిబ్బందికో, రాబోయే పెద్ద స్టేషన్లో నీళ్లు నింపేవాళ్లకో కబురు వెళుతుంది. పని ముగిశాక మీకు తృప్తి కలిగిందా అని ఆమెనే అడుగుతారు. ఎవరు, ఏం కొన్నారు, ఏం ఇబ్బంది పడ్డారు, ఎవరు బాధ్యులు, ఎలా ముగిసింది అన్న అయిదు సంగతులూ ఒకే రికార్డులో కలిశాయి. ఏ బ్యాంకు సీఆర్ఎం అయినా, ఏ ఆసుపత్రి సీఆర్ఎం అయినా నిర్మాణం ఇదే.

మౌనంగా పోయినవారిని లెక్కతో పట్టడం

పోస్ట్‌పెయిడ్ ఫోన్ కనెక్షన్ మానేసేవారు మానేస్తున్నామని చెబుతారు. కిరాణం కొట్టు, టిఫిన్ సెంటర్, బట్టల షాపు, టైలర్ విషయంలో అలా కాదు. అక్కడ వెళ్లిపోయే కస్టమర్ చెప్పి వెళ్లడు. రావడం మానేస్తాడంతే. మరి పోయాడని ఎలా తెలియాలి?

ఇద్దరు మనుషులు ఒక టిఫిన్ సెంటర్‌కు వచ్చి సరిగ్గా పన్నెండు రోజులైంది. మొదటాయన రోజు విడిచి రోజు ఇడ్లీకి వచ్చేవాడు. రెండో ఆయన రెండు నెలలకోసారి, బంధువుల ఇంటికి వచ్చినప్పుడు. రెండో ఆయన గురించి దిగులు అక్కర్లేదు. మొదటాయన మాత్రం చేజారి ఉండొచ్చు. ఒకే ఎడమైనా, తరచుగా వచ్చేవారి విషయంలోనే అది ఎక్కువ ప్రమాద సూచన. అనుభవమున్న యజమానికి తోచే ఈ సంగతిని ష్మిట్లైన్, మారిసన్, కొలంబో అనే ముగ్గురు పరిశోధకులు 1987లో గణిత సూత్రంగా మార్చారు. ఒక్కో కస్టమర్ తనదైన వేగంతో కొంటుంటాడు. ఏదో ఒక రోజు మానేస్తాడు. ఆ వేగమూ, మానేసే అవకాశమూ మనిషికీ మనిషికీ మారుతుంటాయి. ఈ మూడు ఊహలతో మొదలుపెట్టి, ఎన్నిసార్లు కొన్నాడు, చివరిసారి ఎప్పుడు కొన్నాడు, మనం ఎంతకాలంగా గమనిస్తున్నాం అన్న మూడు అంకెలు వేస్తే, అతను ఇంకా మన కస్టమరే అనడానికి సంభావ్యత ఎంతో తేలుతుంది. 2005లో ఫేడర్, హార్డీ, లీ దీన్ని మామూలు ఎక్సెల్ షీట్‌లో చేసుకునేంత తేలిక చేశారు.

సీఆర్ఎం తెరమీద 'చేజారే అవకాశం ఉంది' అని కనిపించే గుర్తు వెనక ఇలాంటి లెక్కలే ఉంటాయి. ఆ గుర్తు చూసి చేయాల్సింది మాత్రం మనిషే. "ఈమధ్య కనిపించడం లేదేంటండీ, అంతా క్షేమమేనా?" అని ఒక్క ఫోన్ చేస్తే, చట్నీ రుచి మారిందన్న అసలు సంగతి బయటపడవచ్చు.

నిలుపుకోవడంలో లాభం ఎంత

నూరు మంది కస్టమర్లలో ఏడాదికి ఎనభై మంది నిలుస్తారనుకుందాం. వదిలిపోయేవారు ఇరవై శాతం, అంటే అయిదో వంతు. ఆ లెక్కన ఒక కస్టమర్ సగటున అయిదేళ్లు ఉంటాడు. ఎనభై అయిదు మందిని నిలుపుకుంటే ఆ సగటు ఆరేళ్ల ఎనిమిది నెలలవుతుంది. తొంభై మంది నిలిస్తే పదేళ్లు. నిలిచేవారు అయిదుగురు పెరిగితే బంధం మూడో వంతు పొడవవుతుంది. పదిమంది పెరిగితే రెట్టింపవుతుంది. మనిషికి నెలకు రెండొందలు లాభం మిగిలే కొట్టుకు అది పన్నెండు వేలకూ ఇరవై నాలుగు వేలకూ ఉన్న తేడా. రాబోయే డబ్బుకు ఇవాళ్టి విలువ తక్కువ కనుక వడ్డీ తీసేసినా తేడా పెద్దదే.

ఫ్రెడరిక్ రైకెల్డ్, ఎర్ల్ సాసర్ 1990లో ఈ సంగతినే వ్యాపార ప్రపంచం ముందు పెట్టారు. వదిలిపోయేవారిని అయిదు శాతం తగ్గిస్తే, రంగాన్ని బట్టి లాభం 25 నుంచి 85 శాతం దాకా పెరగవచ్చని చూపారు. ఆ మాట తర్వాత సూక్తిలా ప్రచారమైంది. కానీ 2002లో రైనార్ట్జ్, వి.కుమార్ నాలుగు కంపెనీల కస్టమర్ల లెక్కలు తీసి, పాత కస్టమర్ అయినంత మాత్రాన లాభం ఎక్కువ రాదని, వారికి చేసే సేవకు ఖర్చు తగ్గుతుందనీ చెప్పలేమని తేల్చారు. కనుక అందరినీ ఒకే ఖర్చుతో నిలుపుకోవాలనుకోవడం పొరపాటు. ఎవరి అవసరం మన దగ్గర తీరుతుందో, ఎవరికి మనవల్ల మేలు ఉందో గుర్తించి అక్కడ శ్రమ పెట్టాలి.

తృప్తి అంటే మాట నిలబెట్టుకోవడం

కస్టమర్ తృప్తిని విడదీసి చూసిన పరిశోధకుల్లో రిచర్డ్ ఆలివర్ ముఖ్యుడు. జరిగినదాన్ని మనిషి తాను ఆశించినదానితో పోల్చుకుంటాడని, ఆ తేడా నుంచే తృప్తో అసంతృప్తో పుడుతుందని 1980లో ఆయన ప్రతిపాదించాడు. తాగేనీళ్ల క్యాన్ గంటలో వస్తుందని చెప్పి రెండు గంటలకు తెస్తే కోపం వస్తుంది. మూడు గంటలని చెప్పి రెండు గంటలకు తెస్తే సంతోషం. నీళ్లవే, సమయమూ అదే. మారింది మాట ఒక్కటే.

అమెరికాలో స్థిరపడ్డ ఆచార్య ఎ.పరశురామన్, మరో ఇద్దరు సహచరులు కలిసి 1980లలో సేవ నాణ్యతను కొలిచే 'సర్వ్‌క్వాల్' పద్ధతి రూపొందించారు. షాపు హంగులు, చురుకుదనం, భరోసా, ఆత్మీయత అన్నీ లెక్కలోకి వచ్చాయి. వాటన్నిటికంటే జనం ముందు పెట్టింది చెప్పినది చెప్పినట్టు చేయడాన్ని. సీఆర్ఎం చేయగల గొప్ప మేలు కూడా ఇక్కడే ఉంది. గత వారం ఆ వీధికి సరుకు చేరడానికి నిజంగా ఎంతసేపు పట్టిందో రికార్డు చెబుతుంది కనుక, ఉద్యోగి నోటికొచ్చిన గడువు కాకుండా నిలబడే గడువు చెప్పగలడు. చెప్పిన గడువు దాటబోతుంటే కస్టమర్ అడగకముందే ఫోన్ చేయగలడు.

నోరు విప్పినవాడు మేలు చేసినవాడు

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఒక విలువైన సంగతి చెప్పాడు. అసంతృప్తి కలిగిన మనిషికి రెండు దారులు: వదిలిపోవడం, నోరు విప్పడం. సంస్థ మీద ఎంతో కొంత అభిమానం ఉన్నవాడే రెండో దారి పడతాడు. అంటే ఫిర్యాదు చేసేవాడు ఇంకా మనతోనే ఉన్నాడు. ఫిర్యాదుకు నంబరిచ్చి, బాధ్యుడి పేరు రాసి, గడువు దాటితే పై అధికారికి దానంతట అదే చేరేలా చేయడం సీఆర్ఎం పని. స్టీఫెన్ టాక్స్, ఆయన సహచరులు 1998లో చేసిన అధ్యయనం ప్రకారం ఫిర్యాదుదారు న్యాయాన్ని మూడు రకాలుగా తూకం వేస్తాడు: దక్కిన పరిహారం, నడిచిన పద్ధతి, మాట్లాడిన తీరు. డబ్బు తిరిగిచ్చి కూడా నలుగురు ఉద్యోగులకు అదే కథ నాలుగుసార్లు చెప్పించారంటే రెండో న్యాయం జరగలేదన్నమాట. ఒకే రికార్డు ఉంటే ఆ అవమానం తప్పుతుంది.

మన పేర్లూ, మన చిరునామాలూ

విదేశీ సాఫ్ట్‌వేర్ మన దగ్గర తడబడే చోటు పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, అది కూడా తరచు ఒక్క అక్షరంగా. వెంకటేశ్వరరావు ఒక బిల్లులో పూర్తి పేరుతో, ఇంకో బిల్లులో వెంకట్‌గా, మూడో చోట రావుగా ఎక్కుతాడు. చిలకలగూడను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. చిరునామాలో 'గుడి వెనక సందు' అని ఉంటుంది. దాంతో ఒకే మనిషి ముగ్గురు కస్టమర్లవుతాడు. ముగ్గురిలో ఇద్దరు 'వెళ్లిపోయినట్టు' లెక్కలో తేలతారు. రెండు రికార్డులు ఒకే మనిషివేనా అని సంభావ్యతతో తేల్చే సిద్ధాంతాన్ని ఫెలెగి, సంటర్ 1969లో ఇచ్చారు. పేరు కొంత, ఫోన్ నంబర్ కొంత, వీధి కొంత కలిస్తే, ఆ పోలికలన్నిటికీ తూకం వేసి నిర్ణయిస్తారు. మన ఊళ్లలో సీఆర్ఎం పెట్టేవారు ముందు ఖర్చు పెట్టాల్సింది ఈ శుభ్రత మీదే.

ఇన్ని వివరాలు దాచుకున్నవారికి బాధ్యతా అంతే ఉంటుంది. వినియోగదారు నమ్మకంతో ఇచ్చిన వివరాలను ఇతరులకు వెల్లడించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చట్టం అనుమతించిన సందర్భాల్లో తప్ప, అనుచిత వ్యాపార పద్ధతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఏ ప్రయోజనానికి సమ్మతి తీసుకున్నారో దానికే వివరాలు వాడాలంటోంది. అక్కర్లేని ప్రచార కాల్స్‌ను 1909కు చెప్పి ఆపించుకునే హక్కు మనకుంది. పప్పు ఉడకలేదని చెప్పినవారికి మంచి పప్పు ఇవ్వడానికి ఆ జ్ఞాపకం వాడితే సేవ. అదే నంబరుకు రోజూ అయిదు ప్రకటనలు పంపితే వేధింపు.

చిలకలగూడలో చిన్న వ్యాపారం చేసేవారు దీనికి లక్షలు పోయనక్కర్లేదు. పేరు, చివరిసారి వచ్చిన తేదీ, ఎంత తరచుగా వస్తారు, ఇచ్చి ఇంకా తీర్చని మాట అన్న నాలుగు గళ్లతో ఒక పట్టిక, ఫోన్లోనో నోటుబుక్కులోనో చాలు. పనిచేసే ప్రతివారూ దాన్ని చూడాలి, ప్రతివారూ రాయాలి. వారానికోసారి మూడో గడితో రెండో గడిని పోల్చి చూస్తే ఎవరు దూరమవుతున్నారో తెలుస్తుంది. నాలుగో గడి ఖాళీ అవుతున్నకొద్దీ రెండో గడిలో కొత్త తేదీలు పడుతుంటాయి. పెద్ద కంపెనీలు కూడా తమ సీఆర్ఎం ఎన్ని అమ్మకాలు తెచ్చిందని అడిగే ముందు, ఇచ్చిన మాటల్లో ఎన్ని నిలబెట్టిందని అడగాలి. అమ్మకాలు ఆ జవాబు వెంటే వస్తాయి.