షుగరు వైద్యం: ఇంటి వారసత్వాన్నీ డాక్టరుకు చెప్పండి

మునిగుడ నుంచి రాయగడకో విశాఖపట్నానికో వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంటాం. రిపోర్టులో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు, 6.4 అని వస్తుంది. 'కంట్రోల్‌లోనే ఉంది' అని ఊపిరి పీల్చుకుంటాం. ఇంట్లో మీటరు మాత్రం పరగడుపున 170, భోజనం తర్వాత 250 చూపిస్తుంది. మీటరు పాడైందని పక్కన పెట్టేస్తాం. కొందరి విషయంలో మీటరు చెప్పిందే నిజం కావచ్చు. రిపోర్టును తప్పుదారి పట్టించింది వాళ్ల రక్తంలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన తేడా.

జన్యువులను బట్టి షుగరుకు వైద్యం అనగానే అది పెద్ద నగరాల సంగతి అనుకుంటాం. మన రాయగడ, కొరాపుట్ ప్రాంతంలో దానికి ఇప్పుడే పనికొచ్చే భాగం ఒకటి ఉంది. తరతరాలుగా మలేరియా ఉన్న నేల ఇది. అలాంటి చోట్ల సికిల్ సెల్, జీ6పీడీ లోపం అనే రెండు రక్త సంబంధ తేడాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి ఆదివాసీలకే వస్తాయనుకోవడం పొరపాటు. భాషను, కులాన్ని చూసి రావు. అమ్మానాన్నల నుంచి వస్తాయి.

రిపోర్టు ఎందుకు తప్పుతుంది?

రక్తంలోని చక్కెర కొంత ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అంటుకున్న చక్కెరను కొలిచి మూడు నెలల సగటు చెబుతారు. 6.4 వస్తే సగటు షుగరు 137 దగ్గర ఉండాలి. జీ6పీడీ లోపం ఉన్నవారిలో ఎర్రకణాలు త్వరగా విరిగిపోవచ్చు. చక్కెర అంటుకునే వ్యవధి తగ్గుతుంది కాబట్టి అంకె తక్కువగా వస్తుంది. షుగరు మాత్రం తగ్గి ఉండదు.

సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉన్నవారికి సాధారణంగా ఏ జబ్బూ తెలియదు. అయినా రిపోర్టులో తేడా రావచ్చు. అమెరికాలో నల్లజాతివారిపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, షుగరు ఒకే స్థాయిలో ఉన్నా ఇలాంటివారి హెచ్‌బీఏ1సీ సగటున 0.3 మేర తక్కువగా కనిపించింది. పరీక్ష చేసే యంత్రాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. రెండు జన్యువులూ ఉండి సికిల్ సెల్ జబ్బే ఉన్నవారికి ఈ పరీక్షను నమ్మి వైద్యం చేయకూడదు. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే ఇందుకు విరుద్ధంగా అంకె పెరగవచ్చు.

అలాంటివారికి పరగడుపు పరీక్ష, గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాత పరీక్ష, ఇంటి మీటరు లెక్కలే ఆధారం. పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా అంతకు మించితే షుగరు జబ్బు కిందే లెక్క. ఫ్రక్టోసమీన్ అనే పరీక్ష కూడా ఉంది. ఇది ఎర్రకణాలపై ఆధారపడదు, గత రెండు మూడు వారాల సగటు చెబుతుంది.

మాత్రల విషయంలోనూ జాగ్రత్త

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలు చవక, చాలామంది వాడుతున్నారు. జీ6పీడీ లోపం ఉన్నవారిలో ఇవి అరుదుగా ఎర్రకణాలను విరగ్గొట్టవచ్చని, జాగ్రత్త అవసరమని ఈ మందుల వివరాల్లోనే రాసి ఉంటుంది. షుగరుకు వేరే రకాల మందులూ ఉన్నాయి కాబట్టి డాక్టరుకు ముందే తెలిస్తే ఆలోచించి రాస్తారు. ఈ వ్యాసం చదివి ఎవరూ సొంతంగా మాత్ర మానేయకండి.

ఇంట్లో ఈ లోపం ఉందని ఎలా అనుమానించాలి? మలేరియాకు ప్రైమాక్విన్ వేసుకున్నప్పుడు మూత్రం నల్లగా టీ డికాక్షన్‌లా వచ్చిందా? కళ్లు పచ్చబడ్డాయా? పుట్టిన బిడ్డకు కామెర్లు బాగా ముదిరాయా? ఇది ఎక్కువగా మగవాళ్లలో బయటపడుతుంది, తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. కాబట్టి మేనమామల సంగతి కూడా అడగాలి. రక్తం విరిగిన రోజుల్లోనే పరీక్ష చేస్తే లోపం కనబడకపోవచ్చు. కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి.

జన్యు పరీక్ష ఎవరికి అవసరం?

మామూలు టైప్ 2 షుగరుకు ఫలానా మాత్రే సరిపోతుందని చెప్పే జన్యు పరీక్ష ఇంకా వైద్యంలో స్థిరపడలేదు. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోని తేడాలకు మన దేశంలోనూ షుగరుతో సంబంధం ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2007లోనే చూపించారు. అయితే అది ముప్పును చెబుతుందే గానీ మందును చెప్పదు. వేలకు వేలు తీసుకుని 'మీ జన్యువుకు తగిన డైటు' ఇస్తామనే ప్రకటనలను నమ్మవద్దు. వయసు, బరువు, కిడ్నీ, గుండె పరిస్థితిని చూసే ఇప్పటికీ మందు నిర్ణయిస్తారు.

రెండు సందర్భాల్లో మాత్రం జన్యు పరీక్ష వైద్యాన్నే మార్చేస్తుంది. ఒకటి, ఆరు నెలలలోపు బిడ్డకు షుగరు రావడం. కేసీఎన్‌జే11 అనే జన్యువులో మార్పుతో ఇలా షుగరు వచ్చిన 49 మందిపై 2006లో వచ్చిన అధ్యయనంలో 44 మంది ఇన్సులిన్ మానేసి మాత్రలకు మారగలిగారు. రెండోది మోడీ అనే రకం. తాత, తండ్రి, కొడుకు ఇలా వరుసగా, సన్నగా ఉన్నా చిన్న వయసులోనే షుగరు వస్తే దీన్ని అనుమానిస్తారు. ఇందులో ఒక రకానికి తక్కువ మోతాదు మాత్ర చాలు. ఇంకో రకానికి చాలాసార్లు మందే అక్కర్లేదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ జన్యు పరీక్షలపై చాలా కాలంగా పనిచేస్తోంది.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు

మీటరు రీడింగులు రాసిన కాగితం తీసుకెళ్లండి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కార్డు చూపించండి. ఇంట్లో ఎవరికి ఏ వయసులో షుగరు వచ్చిందో, ఎవరికి ఏ మందు పడలేదో చెప్పండి. రిపోర్టు, మీటరు పొంతన కుదరకపోతే 'ఎందుకు?' అని అడగండి. తప్పు అంకెను నమ్మి ఏళ్లు గడిపితే కళ్లు, కిడ్నీలు, కాళ్లు దెబ్బతింటాయి. డాక్టరును ఆ ఒక్క మాట అడగడానికి పైసా ఖర్చు లేదు.