అంగడికి బీమా

బీమా యనగానే మనలో పలువురకు జీవితబీమా మాత్రమే తోచును. మగవారు ఏటేట సొమ్ము కట్టుదురు, కాగితము పెట్టెలో నుండును, అంతటితో మన పని సరి. అంగడికిని, గిడ్డంగికిని, ఇంటిలో జరుగు చిన్న పరిశ్రమకును బీమా యున్నదనియు, దాని మర్మము ఆడువారును తెలిసికొనవలసినదే యనియు మేము 2021వ సంవత్సరము నవంబరు వరకు ఎరుగము.

ఆ నెల మూడవ వారమున కడప, చిత్తూరు సీమలలో కురిసిన వానలకు పెన్నయు దాని యుపనదులును పొంగిపొరలినవి. 19వ తేదీన రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగెను. ఆ నీరు పెన్నలో గలిసి మన సోమశిలకు వచ్చెను. సోమశిల జలాశయము 78 టీఎంసీల నీరు పట్టునది. అంతటి జలాశయమునకును పట్టనంత నీరు వచ్చుటచే, 5 లక్షల క్యూసెక్కులకు మించి క్రిందికి విడువవలసి వచ్చెను. సోమశిలలో నదియొడ్డున నున్న సోమేశ్వరాలయము దెబ్బతినెను. నెల్లూరు చెంత పడుగుపాడు కడ రైలుకట్ట కొట్టుకొనిపోయి చెన్నపట్టణము, విజయవాడల నడుమ బండ్లు నిలిచిపోయినవి. జాతీయ రహదారియు తెగెను. ఇవి పత్రికలలో వచ్చిన సంగతులు. పత్రికలకెక్కని సంగతి యొకటి మాకు తెలియును.

మాకు వరుసకు వదినగారగు నొకామెకు ఆత్మకూరు ప్రాంతమున, పెన్నయొడ్డు గ్రామములో బట్టల అంగడి యున్నది. అన్నగారు పోయిన పిమ్మట ఆమెయే నడుపుచున్నారు. మార్గశిరమాసపు పెండ్లిండ్లకును సంక్రాంతికిని సరకు దింపి యుంచిరి; అంతయు 12 లక్షల రూపాయల సరకు. రాత్రికి రాత్రి నీరు వచ్చి నడుమెత్తున నిలిచెను. మేము పలుకరింపబోవునప్పటికి ఆమె గుమ్మములో కూర్చుండి బురద చీరలను ఒక్కొక్కటే విడదీయుచున్నారు. "వదినా, అంగడికి బీమా యున్నదా? కాగితములేవి?" అని మేమడుగగా, "ఏ కాగితములు అమ్మాయీ?" అని మమ్మే యడిగిరి.

బీమా యున్నది. అప్పిచ్చిన బ్యాంకు వారే కట్టించిరి. ఆ సంగతి వదినగారికి ఎవరును విప్పి చెప్పలేదు. పాలసీ నకలును ఇయ్యలేదు. అది అప్పు మొత్తమునకు, అనగా 6 లక్షలకు మాత్రమే తీసికొనినది. సర్వేయరుగారు వచ్చి చూచి 8 లక్షల నష్టమని తేల్చిరి. "ఎనిమిది పోయినను ఆరైనను వచ్చును గదా" యని మే మందరము ధైర్యము చెప్పితిమి. మా ధైర్యము తప్పుడు లెక్క. సరకు విలువలో సగమునకే బీమా చేసినచో, తక్కిన సగమునకు మనమే బీమాదారులమని కంపెనీ యెంచునట. కావున 8 లక్షల నష్టమునకు సగము, 4 లక్షలు మాత్రమే లెక్కకు వచ్చినది. అందులోను మొదటి కొంత భాగము మనమే భరింపవలెనని పాలసీలో నుండెను. మిగిలినది వదినగారి చేతికి రాలేదు. అప్పులో జమ యయ్యెను. అప్పు పూర్తిగా తీరలేదు, సరకు కొనుటకు సొమ్ము లేదు. ఆమె చేతి గాజులు ఆ సంక్రాంతికి కుదువకు పోయినవి.

మరియొక పొరపాటు మనవారిదే. సర్వేయరు వచ్చులోపల తడిసిన చీరలను కొన్నింటిని ఉదికి ఆరవేసి, వచ్చిన ధరకు అమ్మివేసిరి. అవి కంటికి కనబడలేదు గనుక నష్టములో చేరలేదు. శుభ్రత మన ఆడువారికి పుట్టువుతో వచ్చిన గుణము. వరద తీసిన మరునాడు మాత్రము దానిని కొంచెము ఆపుకొనవలెను. మొదట కంపెనీకి తెలియజేయవలెను, ఫొటోలు తీయించవలెను, చెడిన సరకు చెడినట్లే యుంచవలెను. మిగిలిన మంచి సరకును మాత్రము వెంటనే మెరకకు చేర్చవలెను. చేర్చకున్న అదియు మన అశ్రద్ధ క్రింద లెక్కింపబడును. కొనుగోలు రసీదులు అంగడిలోనే యుండి నానిపోయినచో ఏ విలువకు ఏది సాక్ష్యము? 

బీమా నియంత్రణ సంస్థవారు 2021 ఏప్రిలు 1వ తేదీ నుండి చిన్న వ్యాపారములకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" యను పాలసీని ఏర్పరచిరి. ఒకచోట నున్న ఆస్తి విలువ 5 కోట్లకు మించనివారికి ఇది. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము ఇందులో చేరియున్నవి. ఆపద కలిగిన యేడు దినములలోపల దానివలన జరిగిన దొంగతనమును చేరినది. బీమా మొత్తము అసలు విలువకు నూటికి 15 వరకు తక్కువైనను కోత యుండదు. వదినగారి పాలసీ అంతకు ముందుది. క్రొత్తదైనను సగమునకు సగము కొరతను మన్నింపదు. అంగడి మూతపడిన దినములలో పోయిన లాభమునకు వేరుగా బీమా చేయవలెను.

ఒక వీథిలో ఒక యిల్లు కాలినచో తక్కిన నూరిండ్లవారు కట్టిన సొమ్ము దానికి చాలును. నూరిండ్లును ఒకే రాత్రి మునిగినచో? బీమా కంపెనీలు తామును వేరొకచోట బీమా చేసికొనుట అందుకే. స్విట్జర్లాండులో గ్లారుస్ పట్టణము 1861లో తగులబడి అచ్చటి బీమా నిధి చాలకపోగా, 1863లో స్విస్ రీ యను పునర్బీమా సంస్థ పుట్టినది. మన దేశమున ఆ పని ముఖ్యముగా జీఐసీ చేయుచున్నది. ఈ తలంపు పాశ్చాత్యులదే యని యనుకొనరాదు. యాజ్ఞవల్క్యస్మృతిలో అడవిదారిని పోవు వర్తకునకు నూటికి పది, సముద్రముపై పోవువానికి నూటికి ఇరువది వడ్డీ విధింపబడియున్నది. ఎంత యపాయమో అంత వెల యన్నమాట. మా నాయనగారు ఆ భాగము చెప్పినపుడు, వడ్డీలు మనకెందుకని మేము నిద్రపోయితిమి.

ఉదయగిరికి పెన్న రాదు. అచ్చటి భయములు వేరు. దుర్గము కొండల చెట్ల కలపతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కు పనివారు ఆ యూర నున్నారు. వారిలో పెక్కుమంది ముసల్మాను స్త్రీలు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపును లభించినది. కలప యింటిలోనే, పొయ్యియు ఇంటిలోనే, చెక్కిన సరకును ఇంటిలోనే! ఒక్క నిప్పురవ్వకు ఆరు నెలల శ్రమ బూడిద కాగలదు. ఇట్టివారు తెలిసికొనవలసిన దేమనగా, ఇంటి బీమా వేరు, అమ్మకపు సరకు బీమా వేరు. "భారత్ గృహ రక్ష" పాలసీ ఇంటికిని ఇంటి సామానునకును గాని, అమ్మకమునకు చెక్కియుంచిన గరిటెలకు గాదు. ఒక్కొక్కరుగా చేయించుకొనుట భారమైనచో, సంఘముగా చేరి చేయించుకొన వీలున్నదేమో బీమావారిని అడుగవలెను. గుజరాతులో సేవా సంఘపు శ్రామిక స్త్రీలకు ఎండ యొక హద్దు దాటగానే సొమ్ము ముట్టు బీమా 2023లో ఏర్పడినది. అందులో సర్వేయరు లేడు, రసీదులు లేవు, ఉష్ణమాపకమే సాక్షి. మన మెట్టసీమల యెండకు అట్టిది మనకును కావలసినదే.

కరవు మాట వేరు. పైరునకు ప్రధానమంత్రి ఫసల్ బీమా యున్నది. ఆంధ్రప్రదేశము 2020లో దానినుండి తొలగి 2022లో మరల చేరినది. రైతు చేత సొమ్ము లేక అంగడికి రాకపోయిన నష్టమునకు మాత్రము మా యెరుకలో బీమా లేదు. అట్టి యేడు అరువులు తగ్గించుకొని, సరకు తక్కువ దింపి, కూడబెట్టినదానితో గడుపుకొనుటయే.

శాంతిపర్వములో మూడు చేపల కథ మీరందరు చదివియుందురు. రాబోవుదానిని ముందే యెరిగి చెరువు విడిచిన చేప, ఆపద వచ్చినపుడు ఉపాయము పన్నిన చేప, చూతములే యని జాగుచేసి చచ్చిన చేప. వదినగారు మొదటి వరదకు మూడవ చేప యైరి. ఆ మాట వారే నవ్వుచు చెప్పుదురు. ఇప్పుడు అంగడిలో క్రింది రెండు అరలను ఖాళీగా నుంచినారు. జరీచీరలు మిద్దెపైకి చేరినవి. ప్రతియేట దసరా సరకు దింపగానే విలువ లెక్కకట్టి, బీమా మొత్తమును దానికి సరిగా పెంచుమని తామే వ్రాసి యిత్తురు. రసీదుల నకళ్లు ఒక జత మా యింట నుంచినారు. మావారు వానిని బడి పుస్తకముల అలమారులో పై యరను పెట్టిరి. పోయిన దసరాకు వదినగారు క్రొత్త రసీదులు తెచ్చి, అలమారు మెరకను ఉన్నదో లేదో నేలనుండి జేనలతో కొలిచి చూచుకొని మరీ వెళ్లిరి.