జమ్ము వడకట్టిన నీరు

కాలిఫోర్నియా ఉత్తరాన, హంబోల్ట్ అఖాతం ఒడ్డున ఉన్న ఆర్కాటాలో జనాభా ఇరవై వేలు కూడా ఉండదు. 1949లో ఈ ఊరు మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టుకుంది. 1957లో పక్కనే 55 ఎకరాల్లో చెరువులు ఏర్పాటు చేసుకుంది.

1974లో రాష్ట్రం కొత్త నిబంధన తెచ్చింది: శుద్ధి చేసినా సరే, మురుగునీటిని అఖాతాల్లోకి వదలకూడదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి ఒకే పెద్ద కేంద్రం కట్టి, నీటిని సముద్రంలోకి పంపేయాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ ఖర్చు ఆర్కాటాకు తలకు మించిన భారం. అయితే నిబంధనలోనే ఒక వెసులుబాటు ఉంది. వదిలే నీరు అఖాతానికి మేలు చేస్తుందని నిరూపిస్తే అనుమతి ఇవ్వొచ్చు.

ఊరు దాన్నే పట్టుకుంది. హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో మత్స్యశాస్త్రం చెప్పే జార్జ్ అలెన్ అప్పటికే శుద్ధి చేసిన మురుగునీటిని సముద్రపు నీటితో కలిపి సాల్మన్ పిల్లల్ని పెంచుతున్నారు. పర్యావరణ ఇంజనీరు రాబర్ట్ గేర్‌హార్ట్ బృందం 1979లో చిన్న మడుగుల్లో జమ్ము, తుంగ పెంచి, లోపలికొచ్చే నీటినీ బయటికెళ్లే నీటినీ ఏళ్ల తరబడి పరీక్షించింది. ఆ కొలతల బలంతోనే 1983లో అనుమతి వచ్చింది. ఈ కథలో అన్నింటికంటే ఎక్కువ మెచ్చుకోవలసింది ఆ ఓపికనే.

కేంద్రంలో మొదటి పని ఎక్కడైనా ఉండేదే: జల్లెడలు గుడ్డపీలికల్ని, ప్లాస్టిక్‌ని ఆపుతాయి, ఇసుక అడుక్కి దిగుతుంది, తొట్లలో బురద పేరుతుంది. అసలు విశేషం చెరువుల దగ్గర మొదలవుతుంది. అక్కడ బాక్టీరియా మలినాన్ని తింటుంది. దానికి కావలసిన ఆక్సిజన్‌ను నాచు ఎండలో తయారుచేసి ఇస్తుంది. చిక్కేమిటంటే, పచ్చగా తేలే ఆ సన్నని నాచే మళ్లీ నీటికి మలినం.

జమ్ము మడుగుల పని ఇక్కడే. ఒత్తుగా పెరిగిన ఆకులు నీటికి ఎండ తగలనివ్వవు. వెలుగు అందక నాచు చస్తుంది, నెమ్మదిగా కదిలే నీటిలో అడుక్కి చేరుతుంది. నీట మునిగిన కాడను తడిమితే జారుడుగా ఒక పొర తగులుతుంది. అది బాక్టీరియా కాపురం. మిగిలిన మలినంలో చాలా భాగం దానికే ఆహారం.

1986లో పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టిన ఈ మడుగులు ఒకప్పటి కలప మిల్లుల స్థలంలో, మూసేసిన చెత్తకుప్ప పక్కన ఉన్నాయి. వాటిలో రెండింటికి అలెన్, గేర్‌హార్ట్ పేర్లు పెట్టారు. మడుగులూ చుట్టుపక్కల నేలా కలిపి ఉన్న 307 ఎకరాల్లో జనం ఉదయపు నడకకు వస్తారు, 300కు పైగా జాతుల పక్షులు కనిపిస్తాయి.

అలాగని వదిలేస్తే నడిచేది కాదు. ఎండిన జమ్ము కుళ్లి అడుగున పేరుకుంటూనే ఉంటుంది, తీయించాలి. పైగా కేంద్రం అఖాతం అంచునే, పల్లంలో ఉంది. సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ కరకట్టలను కాపాడుకోవడం ఊరికి పెద్ద పనవుతోంది.