పాడి ఆవులలో కుంటితనం – నత్రజని జీవక్రియ

కుంటే ఆవుకు గిట్ట చికిత్స అందినా, మేత లెక్క తరచుగా పాతదే కొనసాగుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దాలంటే నత్రజని జీవక్రియను గమనించాలి.

రూమెన్‌లోని సూక్ష్మజీవులు మేతలోని మాంసకృత్తులలో అధిక భాగాన్ని అమ్మోనియాగా విడగొట్టి, పిండిపదార్థాల నుంచి లభించే శక్తితో తమ దేహ మాంసకృత్తులను నిర్మించుకుంటాయి. ఆవుకు అందే ఆమైనో ఆమ్లాలలో ప్రధాన భాగం వీటి నుంచే లభిస్తుంది. మిగిలిన అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. అందులో కొంత లాలాజలం ద్వారా రూమెన్‌కు తిరిగి చేరుతుంది. తక్కినది మూత్రంలోనూ, పాలలోనూ వెలువడుతుంది. తిన్న నత్రజనిలో పాల మాంసకృత్తులుగా మారేది సుమారు పావు వంతు మాత్రమే.

కుంటే ఆవు ఎక్కువసేపు పడుకుంటుంది; మేత వద్దకు తక్కువసార్లు వెళుతుంది. మేత తగ్గిన కొద్దీ సూక్ష్మజీవుల మాంసకృత్తులు తగ్గుతాయి. ఆవు తన కొవ్వును, కండరాలను కరిగించుకుంటుంది. చిక్కిన ఆవులో గిట్ట ఎముక కింది కొవ్వు మెత్త పలచబడి, గిట్ట అడుగున పుండ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. గిట్టలోని కెరాటిన్ నిర్మాణానికి గంధకం గల సిస్టీన్, మెథియోనిన్ కూడా అవసరం. ఈ విధంగా కుంటితనం, పోషక లోటు ఒకదానినొకటి పెంచుతాయి.

శక్తి చాలని స్థితిలో నూనెగింజల చెక్కను మాత్రమే పెంచితే అమ్మోనియా మిగిలి పాలలో యూరియా పెరుగుతుంది. ధాన్యపు దాణాను ఒక్కసారిగా పెంచితే రూమెన్‌లో ఆమ్లత్వం పెరిగి గిట్టలకే ముప్పు కలుగుతుంది. కావున దాణాను క్రమంగా మార్చాలి. మేతను, నీటిని ఆవుకు దగ్గరగా, పొడి నేలపై అందించాలి.

నిలబడినప్పుడూ, నడిచినప్పుడూ నడుము వంగితే 5 స్థాయిల నడక కొలమానంలో అది 3వ స్థాయి. ఆ స్థాయిని పాల యూరియాతో కలిపి నమోదు చేస్తే, గిట్టతోపాటు మేతనూ సకాలంలో సరిదిద్దవచ్చు.