తెలిసిన మాటల చిక్కులు : పరదేశంలో ఉపాధ్యాయుడు

ఉద్యోగ నిమిత్తం పరదేశానికి బయలుదేరే ఉపాధ్యాయుడు తన పెట్టెలో ఊరగాయ జాడీతోపాటు ఒక చిన్న నిఘంటువును కూడ సర్దుకోవడం పరిపాటి. తెలియని మాట చెవిని పడినప్పుడు ఆ పుస్తకం అక్కరకు వస్తుంది. తెలియదు గనుక మనిషి ఆగుతాడు, అడుగుతాడు, పుట తిప్పి చూస్తాడు. తెలిసిన మాట చెవిని పడినప్పుడు మాత్రం ఎవరూ ఆగరు. ఆ మాటకు ఆ దేశంలో వేరొక అర్థం ఉండవచ్చునన్న అనుమానమే కలుగదు. పరదేశంలో పాఠం చెప్పేవారికి నిత్యజీవితంలో ఎదురయ్యే పొరపాట్లలో పెద్ద భాగం ఇటువంటి తెలిసిన మాటలవల్లనే పుడుతున్నవని నా అభిప్రాయం. ఉర్దూ, తెలుగు రెండింటినీ చదివే మన కళాశాల విద్యార్థులకు ఈ విషయం ఇతరులకంటె ఎక్కువగా పట్టవలసి ఉన్నది. ఏలననగా మనకు తెలిసిన మాటలు ఎక్కువ.

దీనిని గ్రహించడానికి విమానం ఎక్కనక్కరలేదు. సూళ్లూరుపేట స్టేషనులో చెన్నపట్నం పోయే లోకల్ బండి ఎక్కితే చాలును. తడ దాటేసరికి పెట్టెలో వినిపించే మాటలు సగం తమిళమవుతవి. మనవాడు ఒకడు తమిళ వడ్రంగితో, ‘ఆ బల్ల అవసరం లేదు’ అన్నాడనుకొందాము. తెలుగులో అవసరమనగా అక్కర. తమిళంలో అవసరమనగా తొందర. తొందర లేదన్నారు గదా అని వడ్రంగి నింపాదిగా పని ముగించి, పది దినాల తరువాత బల్లను తెచ్చి గుమ్మంలో దింపుతాడు. వద్దన్న వస్తువు ఎందుకు తెచ్చావని ఒకరు, చేయించుకొని డబ్బు ఎగవేస్తారా అని మరొకరు. ఇద్దరి మాటలోను అబద్ధం లేదు. అట్లే ‘వీడు’ మనకు ఒక మనిషి, వారికి ఇల్లు. ‘సంసారం’ మనకు కుటుంబం, వారికి భార్య. ‘పసి’ మనకు బిడ్డ, వారికి ఆకలి. ఈ చివరిదానిలో రెండు అర్థాలకూ ఏదో చుట్టరికం ఉన్నదేమోనని, చంటిబిడ్డ ఉన్న ఇంటివారికి అనిపించవచ్చును.

పొరుగుభాషతోనే ఇంత ఉన్నప్పుడు, దూరదేశపు భాషలో మనకు పరిచితమైన మాటలు వినబడితే చిక్కు మరింత. ఉర్దూలోను తెలుగులోను ఉన్న అరబ్బీ మాటలు చాలవరకు అరబ్బు దేశం నుండి నేరుగా వచ్చినవి కావు. పారసీకం మాట్లాడే దర్బారుల ద్వారా ఉర్దూలోకి, నవాబుల కచేరీల ద్వారా తెలుగులోకి దిగినవి. నెల్లూరు సీమ 1801 వరకు ఆర్కాటు నవాబు పేరిట ఉన్నది. సర్కారు వ్యవహారంలో ఇటువంటి మాటలు ఎంతగా పేరుకొన్నవనగా, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర వాటికోసమే ఒక మిశ్రభాషా నిఘంటువును కూర్చి 1854లో అచ్చువేయించాడు. ఇంత దూరం ప్రయాణం చేసిన మాట, బయలుదేరినప్పటి అర్థంతోనే గమ్యం చేరుతుందని ఆశించరాదు.

1973లో చమురు ధర పెరిగిన తరువాత అరబ్బు దేశాలకు మనవారి వలస హెచ్చింది. కూలీలు, మేస్త్రీలు వెళ్లిన సంగతి అందరూ ఎరుగుదురు. అధ్యాపకులు వెళ్లిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. 2015 జూలైలో లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారతీయ అధ్యాపకులు సాయుధుల చేత చిక్కి, వారిలో ఇద్దరు తెలుగువారు 2016 సెప్టెంబరు వరకు బందీలుగా ఉన్నారు. ఆ వార్త చదివిన తరువాతనే, అంత దూరాన మనవారు పాఠాలు చెబుతున్నారని పలువురికి తెలిసి ఉంటుంది. అటువంటి ఆపద అరుదు. ప్రతిదినం ఎదురయ్యేవి చిన్న చిక్కులు.

కొత్తగా చేరిన అధ్యాపకుడు బంట్రోతును ‘దఫ్తర్’ ఎక్కడ అని అడిగితే, బంట్రోతు పోయి ఒక నోటు పుస్తకం తెచ్చి చేతిలో పెడతాడు. అరబ్బీలో దఫ్తర్ అనగా రాతపుస్తకం. ఆ మాటకు మూలం గ్రీకులో తోలు అనే అర్థం గల శబ్దమని భాషావేత్తలు చెబుతారు. పూర్వం రాసుకొన్నది తోలుమీదనే గదా. పుస్తకాలు దాచిన గదికి కూడ అదే పేరు పెట్టుకొన్నవారు పారసీకులు. ఆ గదియే మనకు దఫ్తరయింది. మరునాడు అదే అధ్యాపకునికి, ప్రధానాచార్యులవారి ‘మక్తబు’కు రావలసినదని కబురు వస్తుంది. డాక్టరు పట్టం పుచ్చుకొన్న తనను అలిఫ్, బే దిద్దే పిల్లల బడికి పొమ్మంటారా అని ఆయన నొచ్చుకొంటాడు. మక్తబు అనగా రాసే చోటు. మనవైపు పిల్లలు రాసే చోటు, అక్కడ గుమాస్తాలు రాసే చోటు. బడి కావలసినవాడు కార్యాలయానికి, కార్యాలయం కావలసినవాడు నోటు పుస్తకానికి చేరుకోవడం ఈ రెండు మాటల మహిమ.

పరీక్షల కాలంలో మరొకటి. ఈజిప్టు మొదలైన దేశాలలో విద్యార్థి హాలు టిక్కెట్టు మీద ‘రఖమ్ అల్ జులూస్’ అని ఉంటుంది. ఉర్దూ తెలిసినవారు దీనిని అక్షరం అక్షరం చదవగలరు. రఖమ్ అనగా సొమ్ము, జులూస్ అనగా ఊరేగింపు. ఊరేగింపు చందా కాబోలునని అనుకొంటే తప్పు పట్టలేము. అరబ్బీలో మొదటిది సంఖ్య, రెండవది కూర్చోవడం. రెండూ కలిపి పరీక్షలో కూర్చునే స్థానపు సంఖ్య. కూర్చోవడం ఊరేగడమెట్లా అయిందో ఆలోచించదగినది. పాదుషా సింహాసనం మీద కూర్చోవడం జులూసు. మొగలాయి నాణేల మీద, వాటి పోలికన అచ్చయిన ఆర్కాటు రూపాయి మీద, ఆ పట్టాభిషేకం నుండి లెక్కించిన జులూసు సంవత్సరం కనబడుతుంది. పట్టాభిషేకానికి ఊరేగింపు తప్పదు. కాలక్రమాన సింహాసనం పోయింది, పాదుషా పోయాడు, ఊరేగింపు మాత్రం మనకు మిగిలింది. రఖమ్ కూడ తెలుగు వాకిట్లోకి వచ్చి ‘రకం’ అయి కూర్చున్నది.

అన్నిటికంటె మనసుకు తగిలేది ‘గరీబ్’. కొత్త ఉపాధ్యాయుని చూచి పిల్లలు ఆ మాట గుసగుసగా అనుకొంటారు. ఇల్లు విడిచి, అప్పు చేసి వచ్చినవాడికి, తన పేదరికం ముఖాన రాసి ఉన్నదా అని గుండె కలుక్కుమంటుంది. పిల్లలన్నది పరాయివాడని మాత్రమే. పరాయివాడు, అయినవారికి దూరమైనవాడు, దిక్కులేనివాడు, పేదవాడు అనే వరుసలో ఆ మాట మన దేశానికి చేరేసరికి అర్థం మారింది. ఈ వరుసను చూస్తే ఆ మాటకు అర్థం మారిందనాలో, సాగిందనాలో నాకు తేలలేదు.

ఇంటిమాటలు కూడ కాపాడవు. తల్లి ఫొటో చూపి ‘అమ్మీ’ అంటే అక్కడివారు నవ్వుతారు. ఇంచుమించు అదే పలుకు వారికి ‘మా తండ్రిగారి సోదరుడు’. గొంతు లోపలినుండి పలికే ‘ఖల్బ్’ హృదయం. దానిని మనవలె తేలికగా ‘కల్బ్’ అని పలికితే కుక్క. హృదయపూర్వకంగా స్వాగతం చెప్పదలచినవారు ముందు ఈ ఒక్క అక్షరాన్ని సాధన చేయడం మేలు.

అంకెల సంగతి ఉపాధ్యాయునికి మరీ ముఖ్యం. సౌదీ అరేబియా, యెమెన్, ఈజిప్టు వంటి దేశాలలో వాడే అంకెలలో అయిదు గుండ్రంగా, మన సున్న వలె ఉంటుంది. సున్న అనగా ఒక చుక్క మాత్రమే. జవాబు పత్రం మీద ఎఱ్ఱసిరాతో పెట్టిన సున్నను చూచి పిల్లవాడు అయిదు మార్కులు వచ్చినవని సంతోషించడం అసంభవం కాదు. ఉర్దూ శాఖ విద్యార్థులకు ఈ చిక్కు తక్కువ. ఉర్దూ అంకెలు దాదాపు అవే. వింత ఏమిటంటే, మనం ఇంగ్లీషు అంకెలను అరబ్బీ అంకెలంటున్నాము, అరబ్బులు తమ అంకెలను హిందీ అంకెలంటున్నారు.

ఎర్రసముద్రం దాటి ఇథియోపియా చేరితే, చిక్కు మాటలోనుండి గడియారంలోకి పోతుంది. 1974లో పదవి కోల్పోయిన హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో అక్కడి ఉన్నత పాఠశాలలలో భారతీయ ఉపాధ్యాయులు ఎందరో పనిచేశారు. తరువాతి కాలంలో అక్కడి విశ్వవిద్యాలయాలకు ఆంధ్రదేశం నుండి కూడ అధ్యాపకులు వెళ్లారు. అమ్హారిక్ భాషలో గంటను ‘సాత్’ అంటారు. ఉర్దూవారి ‘సాఅత్’కు అది బంధువే. కాని వారి లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం 7 వారికి 1. మన 9 వారికి 3. మన మధ్యాహ్నం 12 వారికి 6. భూమధ్యరేఖకు దగ్గర కావడంచేత అక్కడ పొద్దుపొడుపు వేళ ఏడాది పొడవునా పెద్దగా మారదు. కావున ఈ లెక్క వారికి చక్కగా అమరింది. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవారిదీ ఇదే పద్ధతి.

మధ్యాహ్నం 3 గంటలకు పరీక్ష అనే ఉద్దేశంతో ఉపాధ్యాయుడు ‘3 గంటలకు’ అని మాత్రం చెప్పి వెళతాడు. పిల్లలు ఉదయం 9కే వచ్చి, కూర్చుండి, ఎదురుచూచి వెళ్లిపోతారు. మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి గది ఖాళీ. కోపంతో అందరికీ గైరుహాజరు వేస్తాడు. పది మైళ్లు నడిచి వచ్చిన పిల్లవాడికి ఆ గుర్తు ఏ నేరానికి పడినట్లు? పేద పిల్లవాని చదువు ఒక్కొక్కప్పుడు అటువంటి గుర్తుమీదనే ఆధారపడి ఉంటుంది. నిజానికి ఈ లెక్క మనకు కొత్త కాదు. మన పెద్దలు 24 నిమిషాల గడియలను, 3 గంటల జాములను పొద్దుపొడుపు నుండే లెక్కించారు. పంచాంగంలో వారం నేటికీ సూర్యోదయంతోనే మారుతున్నది. ఇథియోపియావారి మూడు గంటల వేళ మన తాతగారికి ‘జాము పొద్దెక్కింది’ అంటే వెంటనే బోధపడి ఉండేది.

సంవత్సరం కూడ అంతే. వారికి 30 దినాల నెలలు 12, ఆపైన 5 లేక 6 దినాల పదమూడవ నెల ఒకటి. మన వాడుక సంవత్సరానికి వారి సంవత్సరం 7 లేక 8 ఏండ్లు వెనుక. 2007 సెప్టెంబరు 12న వారు 2000 సంవత్సరాన్ని స్వాగతించారు. ప్రవేశపత్రంలో పుట్టిన తేదీని వారి లెక్కలో వేసినా, దానిని మన లెక్కగా చదివినా, ఒకే మనిషికి రెండు వయసులు వస్తవి. నవ్వవలసిన పని లేదు. మన పొలాల రికార్డులలోని ఫసలీ వాడుక సంవత్సరానికి 590 ఏండ్లు వెనుక. 2024 జూలై 1న మొదలైనది 1434 ఫసలీ. ఈ ఫసలీకి మూలమైన ‘ఫసల్’ మనకు పంట, అరబ్బు పాఠశాలలో తరగతి గది.

ఇక ఇంగ్లీషు. ఇరుపక్షాలవారూ తెలుసుననుకొనే భాష గనుక దీని మోసం ఎక్కువ. పాఠం ముగించి మనవారు, ‘డౌట్లు ఏమైనా ఉన్నవా?’ అని ఇంగ్లీషులో అడుగుతారు. మన ఇంగ్లీషులో డౌటనగా అడగదలచిన ప్రశ్న. ఇతర దేశాలలో దానికి నమ్మకం లేకపోవడమని అర్థం. గురువు మాటమీద నమ్మకం లేదని చెప్పడానికి ఏ పిల్లవాడు లేచి నిలబడతాడు? తరగతి అంతా మౌనం. అందరికీ బోధపడిందని గురువుగారి తృప్తి. ఫలితాలు వచ్చినప్పుడు తెలుస్తుంది. దీనికి తోడు మన తల ఊపు ఒకటి. ఒప్పు జవాబు విని మనం తలను ఇటు అటు ఆడిస్తే, పిల్లవాడు కాదన్నారనుకొని కూర్చుంటాడు. ఇథియోపియాలో అవుననడానికి కొందరు చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. అది చూచి, పాపం దేనికో ఉలిక్కిపడ్డాడని మనం అనుకొంటాము.

ఇవన్నీ నవ్వుకొని సర్దుకోదగినవి. ఉద్యోగపు ఒడంబడిక అటువంటిది కాదు. సౌదీ అరేబియా కార్మిక చట్టం ప్రకారం, ఒడంబడిక అరబ్బీలోను మరొక భాషలోను ఉన్నప్పుడు చెల్లేది అరబ్బీ పాఠమే. ఉర్దూ చదివినవారికి ఆ లిపి తెలుసు. సగం మాటలు కూడ తెలిసినట్లే ఉంటవి. అక్కడే జాగ్రత్త అవసరం. అందులో ‘రాతిబ్’ అని ఉంటుంది. ఉర్దూ నిఘంటువులలో అది మనుషులకు, ఏనుగులకు, కుక్కలకు పెట్టే దినబత్తెం. అరబ్బీలో అది నెల జీతం. ‘రాతిబ్ అసాసీ’ అనగా అలవెన్సులు కలపని మూల జీతం. చివరి పుటలో ‘ముకాఫఅత్’ అనే మాట కనబడుతుంది. ఉర్దూలో మకాఫాత్ అనగా చేసిన కర్మకు తప్పక అనుభవించే ఫలం, శిక్షవంటిది. అది చూచి భయపడి ఆ పేరాను దాటిపోరాదు. అరబ్బీలో అది సర్వీసు ముగిసినప్పుడు ఉద్యోగికి ముట్టే సొమ్ము, ఏండ్ల తరబడి పనిచేసినవానికి పెద్ద మొత్తం. సంతకానికి ముందే ఆ కాగితాన్ని అరబ్బు దేశంలో పనిచేసి వచ్చినవారిచేతనో, అనువాదకునిచేతనో చదివించి, తెలుగులోగాని ఉర్దూలోగాని, మొత్తాలను అంకెలలోను అక్షరాలలోను రాయించుకొని, ఒక ప్రతిని ఇంటివద్ద ఉంచి వెళ్లవలెను.